వాచికం లేని వేదిక: ఆక్లాండ్‌లో ఒక వారం

మార్చి నెల సగం గడిచేసరికి ఆక్లాండ్‌లో వేసవి వెనకపడుతుంది. కళల సందడి మాత్రం అప్పుడే ఊపందుకుంటుంది. 2003లో మొదలైన ఆక్లాండ్ ఆర్ట్స్ ఫెస్టివల్ ఇప్పుడు మార్చిలోనే జరుగుతుంది. నగరానికి దక్షిణాన మానుకౌ స్పోర్ట్స్ బౌల్ మైదానంలో హైస్కూలు పిల్లల పాలీఫెస్ట్ నాలుగు రోజులపాటు సాగుతుంది. ఉగాది కూడా ఈ రోజులకు కాస్త అటూ ఇటూగా వస్తుంది కనుక, ఏదో ఒక బడి హాలు అద్దెకు తీసుకుని తెలుగువాళ్ళు జరుపుకునే సాయంత్రమూ ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఈ మూడూ ఒకే వారంలో పడ్డాయి. ఆసుపత్రిలో నాకు ఆ వారం రాత్రి డ్యూటీలు లేకపోవడంతో మూడింటికీ వెళ్ళగలిగాను. అప్పుడు చూసినవాటిని పక్కపక్కన పెట్టి ఆలోచించగా తేలిన విషయాలే ఈ వ్యాసం.

అభినయాన్ని నాట్యశాస్త్రం నాలుగు విధాలుగా చెప్పింది. శరీరంతో చేసేది ఆంగికం. మాటతో, పాటతో చేసేది వాచికం. వేషభూషలు, అలంకరణ ఆహార్యం. మనసు లగ్నమైనప్పుడు కన్నీరుగానో గగుర్పాటుగానో బయటపడేది సాత్త్వికం. వీటిలో వాచికాన్ని భరతుడు నాట్యానికి శరీరమే అన్నాడు. మిగిలినవి ఆ మాటలోని అర్థాన్ని వ్యక్తం చేయడానికి ఉన్నాయని ఆయన భావం. ప్రవాసంలో మన కళలు వర్ధిల్లుతున్నాయని ప్రతి సభలోనూ వింటుంటాం. నా పరిశీలన వేరు. ఆంగికాన్నీ ఆహార్యాన్నీ మనం భద్రంగా సముద్రాలు దాటించాం. వాచికాన్ని దాటించలేదు. ఆక్లాండ్ విమానాశ్రయంలో క్వారంటైన్ అధికారులు ఆవకాయ జాడీని ఆపినట్టు దాన్ని ఎవరూ ఆపలేదు. మనమే వదిలేసి వచ్చాం.

ప్లాస్టరు భారతదేశం

సోమవారం సాయంత్రం క్వీన్ స్ట్రీట్‌లోని సివిక్ థియేటర్‌కు వెళ్ళాను. ఆ రాత్రి ప్రదర్శన సంగతి ఇక్కడ అప్రస్తుతం. చెప్పవలసింది ఆ భవనం గురించి. థామస్ ఓబ్రయన్ అనే సినిమాహాళ్ళ వ్యాపారి కట్టించిన ఈ థియేటర్ 1929 డిసెంబరు 20న ప్రారంభమైంది. ఆ రోజుల్లో అమెరికాలో, ఆస్ట్రేలియాలో 'అట్మాస్ఫెరిక్' థియేటర్ల మోజు నడుస్తోంది. హాలులో కూర్చున్న ప్రేక్షకుడికి ఏదో దూరదేశంలో, ఆరుబయట, నక్షత్రాల కింద కూర్చున్న భ్రమ కలగాలన్నది వాటి సూత్రం. సివిక్ హాలు లోపల మూరిష్ పద్ధతి గోడలు, బురుజులు. పైకప్పున మినుకుమినుకుమనే చుక్కలు. వేదిక దగ్గర కళ్ళు వెలిగే చిరుతపులి బొమ్మలు. ముందుశాలకు మాత్రం భారతదేశాన్ని ఎంచుకున్నారు. పద్మాసనంలో బుద్ధులు, ఏనుగులు, మెలితిరిగిన స్తంభాలు, గుమ్మటాలు. ఏ ప్రాంతానివో, ఏ శతాబ్దానివో, ఏ మతానివో విడదీసి చెప్పడానికి వీల్లేకుండా అన్నీ కలగలిసి ఉంటాయి.

ఆ బుద్ధులను పోతపోసిన దశాబ్దంలోనే న్యూజీలాండ్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. బ్రిటిష్ పుట్టుక, బ్రిటిష్ సంతతి కానివారు దేశంలోకి రావాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలన్న 1920 నాటి చట్టం అది. భారతీయులు బ్రిటిష్ చక్రవర్తి ప్రజలే అయినా ఈ లెక్కలోకి రాలేదు. 1920ల నడుమ ఆక్లాండ్‌కు దక్షిణాన ఉన్న పుకెకోహే పట్నంలో, కూరగాయలు పండించే చైనీయులకూ భారతీయులకూ వ్యతిరేకంగా 'వైట్ న్యూజీలాండ్ లీగ్' అనే సంస్థ పుట్టింది. అంటే, భారతీయుడు గుమ్మం బయటే ఆగిపోయిన కాలంలో భారతదేశం గుమ్మం లోపల అలంకారంగా కొలువుతీరింది. ఆహార్యానికి వీసా అక్కర్లేదు. అది మాట్లాడదు, హక్కులు అడగదు, పొరుగున ఇల్లు కొనదు.

సివిక్ అందమైన భవనమే. 1990ల చివర ఎంతో శ్రద్ధగా పునరుద్ధరించారు. అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ నాకు ముచ్చటగానే ఉంటుంది. కాని ఆ ముందుశాలలో నిలబడి, మనదని చెబుతున్న దానిలో మనది ఏదీ లేదని గమనించి నవ్వుకోవడం కూడా నాకు అలవాటు. ఆ సోమవారమూ నవ్వుకుంటూనే బయటికి వచ్చాను. శనివారం దాకా ఆ నవ్వు నిలవలేదు.

మాట నేర్చాకే చెయ్యి

శుక్రవారం పాలీఫెస్ట్‌కు వెళ్ళాను. 1976లో దక్షిణ ఆక్లాండ్ లోని ఓతారాలో, హిల్లరీ కాలేజీ అనే హైస్కూలులో చిన్నగా మొదలైన ఈ ఉత్సవంలో ఇప్పుడు వేలాది విద్యార్థులు పాల్గొంటారు. మావోరీ, సమోవా, టోంగా, కుక్ దీవులు, నియూవే సంస్కృతులకు వేర్వేరు వేదికలు ఉంటాయి. వీటిలో చేరనివాటికి డైవర్సిటీ స్టేజ్ అనే ఆరో వేదిక. భారతీయ నృత్యాలు కనిపించేది ఈ ఆరో వేదిక మీదే. నేను మాత్రం ఆ రోజు టోంగా వేదిక దగ్గర కూర్చున్నాను. కారణం మా అమ్మాయి. అప్పుడు దానికి పదిహేనేళ్ళు. బడిలో స్నేహితురాలి వెంట వెళ్ళి టోంగా బృందంలో చేరింది. ఆ బృందం ఆ ఏడు లకలక చేస్తోంది.

లకలక అన్న పేరు వినగానే మనవాళ్ళకు 'చంద్రముఖి' సినిమా గుర్తుకు వస్తే ఆశ్చర్యం లేదు. ఈ లకలక మాత్రం గంభీరమైన కళ. స్త్రీలు ఒక పక్క, పురుషులు ఒక పక్క వరసలు కట్టి నిలబడి, పాడుతూ, చేతులతో అభినయిస్తారు. ఒకే మాటకు స్త్రీల చేతులు మృదువుగా ఒక రకంగా, పురుషుల చేతులు ఉద్ధతంగా మరొక రకంగా కదులుతాయి. లాస్యతాండవాలను ఒకే చరణంలో పక్కపక్కన చూడటం లాంటిదిది. యునెస్కో 2003లో దీన్ని మానవాళి మౌఖిక వారసత్వపు ఉత్తమ కృతులలో ఒకటిగా ప్రకటించింది. పాట రాసి, బాణీ కట్టి, అడుగులూ చేతులూ కూర్చేవాడిని పునాకే అంటారు. ఈ మూడు పనులూ చేసే ఒక్క మనిషికి మన భాషలో సరిపోయే మాట లేదు. వాగ్గేయకారుడికి నాట్యాచార్యుణ్ణి కలిపితే పునాకే అవుతాడు. 1918 నుంచి 1965 వరకు టోంగాను ఏలిన సలోతే రాణి స్వయంగా గొప్ప కవయిత్రి. ఆమె కూర్చిన లకలకలు నేటికీ ప్రసిద్ధం.

ఈ కవిత్వానికి ప్రాణం హెలియాకి. ఒకటి చెప్పి మరొకటి స్ఫురింపజేయడం దాని లక్షణం. రాజును రాజని అనరు, ఒక పువ్వు పేరు చెబుతారు. వంశాన్ని వంశమని అనరు, ఒక ఊరినో ఒక గాలినో తలుస్తారు. చేతులు కూడా మాటను నేరుగా బొమ్మకట్టవు. దాని చుట్టూ తిరిగి సూచిస్తాయి. ఆనందవర్ధనుడి పేరు విన్నవాళ్ళకు ఇది ధ్వని అని విడమరిచి చెప్పనక్కరలేదు. మాట తెలియనివాడికి లకలక వట్టి వ్యాయామంగా కనిపిస్తుంది. మాట తెలిస్తేనే చెయ్యి ఎందుకు పక్కకు వాలిందో తెలుస్తుంది.

అందుకే కాబోలు, మా అమ్మాయి బృందానికి మొదట పాట మాటలు కాగితం మీద ఇచ్చారు. ప్రతి పంక్తికీ అర్థం, అందులో వచ్చే ఊరి పేరు, ఆ పువ్వు ఎవరికి గుర్తు, ఇవన్నీ ఒక పెద్దాయన కూర్చోబెట్టి చెప్పేదాకా చెయ్యి కదపనివ్వలేదట. బృందంలో టోంగా పిల్లలు కానివాళ్ళకూ ఇదే నియమం. తిరిగి వచ్చేటప్పుడు కారులో మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఏడేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను కదా. నేను చేసిన పాటల్లో ఏ ఒక్కదానికైనా అర్థం నాకు ఎవరైనా చెప్పారా?"

నృత్యం నేర్పినవారిని తప్పుపట్టడం సులువు. వారం మొత్తంలో వారికి దొరికేది ఒక గంట. ఆ గంటలో పన్నెండుమంది పిల్లలు. కాని ఆ పాటలకు అర్థం నాకు తెలుసు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. ఛందస్సు, సంధులు, అలంకారాలు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఏడేళ్ళపాటు ప్రతి ఆదివారం దాన్ని క్లాసుకు దించి, బయట కారులో కూర్చుని వైద్య పత్రికలు చదువుకున్నాను. అర్థం చెప్పగలిగినవాణ్ణి, చెప్పలేదు.

విచిత్రమేమంటే, మన శాస్త్రీయ నృత్యాలలో మాటకు అంత చోటు ఇచ్చినవాటిలో కూచిపూడి మొదటి వరసలో ఉంటుంది. సిద్ధేంద్రయోగి పేరుతో చెప్పుకునే భామాకలాపంలో సత్యభామ ఆడడంతో సరిపెట్టదు. తానెవరో చెప్పుకుంటుంది, పాడుతుంది, మాధవితో వాదిస్తుంది, ఎత్తిపొడుస్తుంది, అలుగుతుంది. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామను చూసినవారు జడను ఎంతగా తలుచుకుంటారో ఆ మాట విరుపునూ అంతగా తలుచుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో కూచిపూడి ఊరి నుంచి నగరానికి, రాత్రంతా సాగే కలాపం నుంచి పది నిమిషాల ఏకపాత్ర నృత్యానికి మారింది. పాట నట్టువాంగ బృందానికి చేరింది, సంభాషణ తగ్గింది. ఆ మార్పుల వల్లనే అది ప్రపంచవేదికకు చేరిందన్నదీ నిజమే. కాని విదేశాలకు వచ్చేసరికి ఆ బృందం కూడా పోయి పెన్‌డ్రైవ్ మిగిలింది. మా అమ్మాయి ప్రవేశదరువు చేసినప్పుడు నోరు విప్పలేదు. విప్పి ఉంటే, తాను సత్యభామనని చెప్పుకుంటున్న సంగతి దానికి తెలిసేది.

మావోరీల కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1972లో రెండు సంఘటనలు జరిగాయి. మార్చిలో రోటరూవాలో జాతీయస్థాయి కపా హాకా పోటీలకు నాంది పడింది; నేటి తె మతతీని ఉత్సవం అందులోంచి వచ్చిందే. సెప్టెంబరు 14న మావోరీ భాషను బడుల్లో నేర్పాలని ముప్ఫై వేలకు పైగా సంతకాలతో పార్లమెంటుకు వినతిపత్రం అందింది. 1975 నుంచి మావోరీ భాషా వారోత్సవాలు, 1982లో పసిపిల్లల భాషాగూళ్ళయిన కోహంగా రేయో, 1987లో అధికారభాషా చట్టం. వేదిక, భాష జంటగా నడిచాయి. తె మతతీనిలో ఊగుతూ పాడే పాటకూ, పోయికీ, హాకాకూ మార్కులు ఉన్నట్టే భాషకూ విడిగా న్యాయనిర్ణేతలు ఉంటారు. నృత్యం బాగుండి భాషలో తప్పులుంటే ఆ సంగతి చెబుతారు. చెప్పించుకున్నవాళ్ళు మరుసటిసారి ఇంకా బాగా తయారై వస్తారు.

శనివారం, శరదృతువులో ఉగాది

శనివారం సాయంత్రం ఉగాది. ఆ సంఘాన్ని పేరుపెట్టి విమర్శించడం నా ఉద్దేశం కాదు. ఆక్లాండ్ అయినా, డాలస్ అయినా, మెల్‌బోర్న్ అయినా ఈ సాయంత్రం ఇలాగే ఉంటుంది. పైగా ఆ సాయంత్రాల వెనక శ్రమ నాకు తెలుసు. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రి పదింటికి మైకులు సర్దేవాళ్ళు, మూడువందల మందికి పులిహోర కలిపేవాళ్ళు, వేపపువ్వు దొరకని చోట మెంతులతో చేదు పుట్టించేవాళ్ళు లేకపోతే మాకు ఆ పండుగే లేదు.

నాలుగు గంటల్లో ఇరవై ఆరు అంశాలు. పద్దెనిమిది సినిమా పాటలకు నృత్యాలు. సినిమా పాట తక్కువదని అనను. వేటూరి, సిరివెన్నెల పాటల్లో ఉన్న తెలుగు చాలా కవితాసంపుటాల్లో లేదు. కాని ఆ పద్దెనిమిదిలో ఒక్కదాన్నీ వేదిక మీద ఎవరూ పాడలేదు. రికార్డింగు మోగుతుంటే పెదవులు కూడా కదపకుండా పిల్లలు గెంతారు. దుస్తులు వెలిగిపోయాయి. ప్రతి అంశానికీ ఒకే కొలతలో చప్పట్లు, ప్రతి అంశం తరవాతా 'అద్భుతం' అనే ఒకే మాట. సివిక్ ముందుశాలలో బుద్ధులను చూసి నవ్వుకున్నవాణ్ణి, మా వేదికను చూస్తూ ఉలిక్కిపడ్డాను. ఓబ్రయన్‌కు మన మాట తెలియదు, అందువల్ల ఆహార్యంతో సరిపెట్టాడు. మనకు తెలిసి కూడా అదే పని చేస్తున్నాం.

కవిసమ్మేళనానికి పది నిమిషాలు ఇచ్చారు. ఇద్దరు కవులు చదివారు. ఇద్దరి కవితల్లోనూ కోయిల కూసింది, మామిడి పూసింది, వసంతుడు విచ్చేశాడు. హాలు కిటికీల బయట ఓక్ చెట్ల ఆకులు పండి రాలుతున్నాయి. దక్షిణార్ధగోళంలో ఉగాది శరదృతువులో వస్తుంది. ఏడాదిలో సగం తిరగేసి బతకడమంటే ఏమిటో, చెట్టు బోసిపోతున్నప్పుడు కొత్త ఏడాది మొదలుపెట్టడమంటే ఏమిటో, ఆ కవులు నాకంటే బాగా చెప్పగలరు. ఇద్దరూ మంచి పాఠకులు. కాని విజయవాడలో చదవవలసిన కవితనే ఇక్కడ చదివారు.

ఆ తరవాత పదకొండేళ్ళ కుర్రవాడు పోతన గజేంద్రమోక్షంలోంచి ఒక పద్యం ఎత్తుకున్నాడు. రెండు పాదాలు గబగబా అయ్యాయి. మూడో పాదంలో ఆగిపోయాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు, మళ్ళీ అక్కడే ఆగిపోయాడు. హాలులో మొదటిసారిగా మాటలు ఆగాయి. ఫోన్లు చేతుల్లోనే ఉన్నాయి కాని ఎవరూ వాటివైపు చూడటం లేదు. మూడో వరసలో, మనవలను చూడటానికి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కూర్చున్న చోటనుంచే రెండు మాటలు అందించింది. కుర్రవాడు అందుకున్నాడు. నాలుగో పాదం వచ్చేసరికి వెనక వరసల్లోంచి ఆరేడు గొంతులు కలిశాయి. అందరూ యాభై దాటినవాళ్ళే. పద్యం ముగిశాక చప్పట్లు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి. వ్యాఖ్యాత "టైము లేదు, సారీ" అంటూ తరవాతి నృత్యాన్ని పిలిచాడు.

ప్రాశ్నికులు ఎక్కడ?

నాట్యశాస్త్రం ఇరవై ఏడో అధ్యాయం ప్రదర్శన ఎంతవరకు సిద్ధించిందో నిర్ణయించే పద్ధతి గురించి చెబుతుంది. సిద్ధి రెండు రకాలు. ప్రేక్షకులు నవ్వడం, 'సాధు' అనడం, అయ్యో అనడం, పులకించడం, లేచి నిలబడటం మానుషసిద్ధి. రంగస్థలం నిండి ఉండి కూడా ఎక్కడా చప్పుడు లేకుండా, అలజడి లేకుండా ఉంటే అది దైవసిద్ధి. ప్రదర్శనను దెబ్బతీసే లోపాలను భరతుడు ఘాతాలన్నాడు. మాట మరిచిపోవడం, ఒకరి మాట మరొకరు అనడం, కిరీటం జారిపోవడం వంటివి అందులో ఉన్నాయి. సిద్ధులనూ ఘాతాలనూ లెక్కగట్టడానికి ప్రాశ్నికులు అనే పరీక్షకులు ఉండాలి. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, రాజు, విలువిద్య తెలిసినవాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు. ఒక్కొక్కరూ తమకు తెలిసినదాన్నే తూచాలి.

ఈ జాబితాలో పాండిత్యంతో పాటు లోకానుభవమూ ఉంది. వీళ్ళలో ఇద్దరు, ఛందోవేత్త, వైయాకరణి, పూర్తిగా మాట కోసమే కూర్చున్నవారు. టోంగా పెద్దాయన, తె మతతీనిలో భాషకు మార్కులు వేసేవారు, భరతుడి పేరు వినకపోయినా ఆయన చెప్పిన పనినే చేస్తున్నారు. మన సభల్లో ముఖ్య అతిథి ఉంటాడు, దాతలు ఉంటారు, జ్ఞాపికలు ఉంటాయి. ప్రాశ్నికుడు ఉండడు.

ఇవి పిల్లల ప్రదర్శనలనీ, ఔత్సాహికులనీ, తప్పులు ఎంచితే వచ్చే ఏడు ఎవరూ వేదిక ఎక్కరనీ అంటారు. ఈ అభ్యంతరం తేలికగా తీసిపారేయదగ్గది కాదు. చిన్న సమాజంలో ఈ రోజు విమర్శించినవాణ్ణి రేపు గృహప్రవేశంలో పలకరించాలి. కాని పాలీఫెస్ట్‌లో ఆడేదీ బడిపిల్లలే. వాళ్ళకు మార్కులు పడతాయి, ఓడిపోయి ఏడుస్తారు, మళ్ళీ వస్తారు. దశాబ్దాలుగా వస్తూనే ఉన్నారు. నా వృత్తిలోనూ ఇటువంటి ఏర్పాటు ఒకటి ఉంది. 'మార్బిడిటీ అండ్ మార్టాలిటీ' సమావేశమని, చికిత్సలో ఎక్కడ పొరపాటు జరిగిందో వైద్యులం ఒకరి ముందు ఒకరం విప్పి చెప్పుకుంటాం. నిందించడానికి కాదు, మరొకసారి జరగకుండా చూసుకోవడానికి. ఆ గదిలో మొదటిసారి నా తప్పు చెప్పుకున్న రోజు నా చెవులు కాలిపోయాయి. ఆ తరవాతే నేను కాస్త మెరుగైన వైద్యుణ్ణయ్యానని అనుకుంటాను. అందరికీ ఒకే కొలతలో చప్పట్లు కొట్టడం మర్యాదగా కనిపిస్తుంది. నిజానికి అది, నువ్వు ఏం చేసినా నాకు ఒకటే అని చెప్పడం.

శనివారం సాయంత్రానికి భరతుడి కొలత వేస్తే ఏం తేలుతుంది? పద్దెనిమిది నృత్యాల్లో ఘాతం ఒక్కటీ లేదు. మరిచిపోవడానికి వాటిలో మాటే లేదు. సిద్ధి కూడా లేదు. కుర్రవాడి పద్యంలో ఘాతం ఉంది, మాట మరిచిపోయాడు. ఆ సాయంత్రం మొత్తంలో హాలు నిండి ఉండి నిశ్శబ్దమైన క్షణమూ అదే.

వీధిచివరి కొట్టు

వాచికమంటే పాత పద్యమొక్కటే కాదు. ఇక్కడ బతుకుతున్న బతుకును మన మాటలో చెప్పుకోవడం కూడా వాచికమే. ఈ విషయంలో మనకు దారి చూపగలవారు ఇద్దరు గుర్తుకు వస్తారు.

ఒకరు డగ్లస్ లిల్‌బర్న్ (1915–2001). లండన్‌లో వాన్ విలియమ్స్ దగ్గర చదివి వచ్చిన ఈ న్యూజీలాండ్ స్వరకర్త 1946లో కేంబ్రిడ్జ్ అనే చిన్న ఊరిలో జరిగిన వేసవి సంగీతశిబిరంలో 'సంప్రదాయం కోసం అన్వేషణ' అన్న అంశం మీద ప్రసంగించాడు. ఐరోపా సంగీతాన్ని ప్రేమిస్తూనే, ఈ నేల వెలుగునూ దూరాలనూ చెప్పే సంగీతం ఇక్కడివాళ్ళు తయారు చేసుకోకపోతే తమకు తమ సంగీతమంటూ ఉండదన్నది ఆయన వాదం. తెల్లవాళ్ళు వచ్చి అప్పటికి వందేళ్ళు. డిసెంబరు ఎండలో మంచు బొమ్మల క్రిస్మస్ కార్డులు పంచుకునే జనానికి ఆయన ఈ మాట చెప్పవలసి వచ్చింది. శరత్కాలంలో కోయిలను కూయించే మా ఉగాది కవులకూ అదే మాట వర్తిస్తుంది. పాలకులై వచ్చినవాళ్ళకే వందేళ్ళు పట్టిన పని మనకు ముప్ఫై ఏళ్ళలో అయిపోవాలని నేను అనను. మొదలుపెట్టాలని మాత్రం అంటాను.

మరొకరు జేకబ్ రాజన్. కేరళ మూలాలున్న ఈ నటుడు జస్టిన్ లూయిస్‌తో కలిసి నడుపుతున్న ఇండియన్ ఇంక్ నాటకసంస్థ తొలి నాటకం 'కృష్ణన్స్ డెయిరీ' 1997లో వచ్చింది. డెయిరీ అంటే ఇక్కడ వీధిచివరి చిల్లరకొట్టు. కొట్టు నడుపుకునే ఒక దంపతుల కథను తాజ్‌మహల్ కథతో అల్లి, పాత్రలన్నీ ముసుగులు మార్చుకుంటూ రాజన్ ఒక్కడే పోషించాడు. 1999లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో దానికి పురస్కారం వచ్చింది. ప్రేక్షకులను నవ్విస్తూ నవ్విస్తూ, చివరికి ఆ కొట్టులో జరిగే దొంగతనం దగ్గరికి తీసుకెళ్తుందా నాటకం. 2022 నవంబరులో ఆక్లాండ్ లోని శాండ్రింగ్‌హామ్‌లో ఒక డెయిరీలో పనిచేసే భారతీయుణ్ణి దొంగ పొడిచి చంపినప్పుడు దేశమంతా కదిలిపోయింది. కౌంటరు వెనక నిలబడే మనిషి దిగులును పాతికేళ్ళ ముందే ఒకడు వేదిక ఎక్కించి ఉన్నాడని నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆ నాటకం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో అటువంటిది మన దగ్గర లేకపోవడం శక్తి చాలక కాదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన కన్యాశుల్కం ఆ ఊరి నాటి బతుకును ఆ ఊరి మాటలోనే ఆ ఊరివాళ్ళ ముందు పెట్టింది. పెట్రోలు బంకులో రాత్రంతా నిలబడే విద్యార్థి, వీడియో కాల్‌లో తండ్రి అంత్యక్రియలు చూసిన కొడుకు, మనవడితో మాట్లాడటానికి ఇంగ్లీషు రాని నాయనమ్మ మన హాలులోనే, మన పక్క కుర్చీల్లోనే కూర్చుని ఉంటారు. వేదిక మీద మాత్రం ఎప్పుడూ కనిపించరు. ఇరవై ఆరు అంశాల్లో ఒక్క పావుగంట వాళ్ళకు ఇస్తే ఉగాదికి లోటు రాదు.

ఆ ఆదివారం

మరునాడు మధ్యాహ్నం మా అమ్మాయి తాను చేసిన ప్రవేశదరువు రికార్డింగు పెట్టి, మాటలు ఒక్కొక్కటే ఇంగ్లీషు లిపిలో రాసుకుని, నా ముందు పెట్టింది. మొదటి చరణం నేను ధీమాగా చెప్పాను. సత్యభామ తన గురించి తాను చెప్పుకుంటోందని తెలిసి, "మరి నేను అంత సిగ్గుపడుతూ ఎందుకు చేశాను?" అని నవ్వింది. రెండో చరణంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. నిన్నటి కుర్రవాడిలాగే మళ్ళీ మొదటినుంచి చదివాను, మళ్ళీ అక్కడే ఆగిపోయాను. ఇన్నేళ్ళుగా నాకు తెలుసుననుకున్న మాట నాకు తెలియదు.

ఊరి నుంచి వచ్చేటప్పుడు మా నాన్న పెట్టెలో పెట్టి పంపిన శబ్దరత్నాకరం అటక మీద ఉంది. అమ్మాయి నిచ్చెన వేసుకుని దింపింది. అకారాది క్రమం దానికి తెలియదు కనుక పేజీలు నేను తిప్పాను. మాట దొరికింది.